దౌరాలో తోడు నడిచిన ఇల్లాళ్ళు

మన మెదక్ మహాదేవాలయానికి 2024 డిసెంబరు 25వ తేదీతో నూరేళ్ళు నిండాయి. 1914లో పని మొదలైన నాటి నుండి 1924లో ప్రతిష్ఠ జరిగే వరకు పదేళ్ళపాటు రాయి మోసినవారిని గురించి, 175 అడుగుల గోపురాన్ని గురించి, ఫ్రాంక్ సాలిస్‌బరీ చిత్రించిన అద్దాల కిటికీలను గురించి ఇటువంటి సంచికలలో వ్రాయగలిగినవారు మనలో చాలమంది ఉన్నారు. పోస్నెట్ దొరగారిని గురించి చెప్పనే అక్కరలేదు. నేను ఎన్నుకొన్న సంగతి చిన్నది. భర్త పనిమీద ఊళ్ళు తిరిగేటప్పుడు వెంట బయలుదేరిన ఇల్లాళ్ళను గురించి నాలుగు మాటలు వ్రాయాలని నా కోరిక.

మా శంకరంపేట వైపు పాతవాళ్ళు ఇటువంటి ప్రయాణాన్ని టూరు అనేవారు కారు, క్యాంపు అనేవారు కారు. దౌరా అనేవారు. నిజాం సర్కారు కచేరీల నుండి ఊళ్ళలోకి దిగిన మాట అది. తహసీల్‌దారు దౌరా, అమీను దౌరా, తాలూక్‌దారు దౌరా. దౌరా వస్తున్నదంటే ఊరికి ముందు రోజు నుండే జ్వరం పట్టుకొనేది. బండ్లు వెట్టికి కట్టాలి. కోళ్ళు, గుడ్లు, పాలు, కట్టెలు డేరాకు చేర్చాలి. డబ్బు మాట ఎత్తరాదు. అధికారితో బేగం సాహెబా కూడ వస్తే పరదా కట్టిన మేనా మోయడానికి బోయీలు కావాలి. ఆమె ఊరిని చూడదు, ఊరు ఆమెను చూడదు. భార్య వెంట రావడమంటే అధికారి తన ఇంటిని ఎత్తుకొని వచ్చి రెండు రోజులు మరొక చోట దింపుకోవడమే. ఊరివాళ్ళకు దానివల్ల మోత బరువు పెరిగేది తప్ప మరేమీ లేదు.

ఇవే బాటల మీద, ఇదే పేరుతో మరొక రకం దౌరా కూడ నడిచింది. అందులో ఇల్లాలు మేనాలో కూర్చోలేదు.

ఆ బాటలు ఎటువంటివో ఈనాటి పిల్లలకు తెలియదు గనుక కొంచెం చెప్పాలి. మన జిల్లాలో శంకరంపేటలు రెండు. అందోలు గుర్తుగా పెద్ద శంకరంపేటకు ‘ఎ’ అని, రామాయంపేట గుర్తుగా చిన్న శంకరంపేటకు ‘ఆర్’ అని కాగితాలలో తగిలించారు. 1900 ప్రాంతంలో హైదరాబాదు నుండి మన్మాడుకు మీటరుగేజి రైలు పడింది. మీర్జాపల్లి, అక్కన్నపేట స్టేషన్లు దానిమీదివే. అయితే పట్టాలు మెదక్ పట్నాన్ని ప్రక్కన వదిలిపెట్టి పోయాయి. అక్కన్నపేట నుండి మెదక్‌కు రైలు నడిచింది 2022లో! మొన్ననే అన్నమాట. 1896లో పోస్నెట్ దొరగారు సికిందరాబాదు వైపు నుండి గుర్రం మీద మెదక్ చేరేసరికి రెండు రోజులు పట్టింది. సామాను, డేరా, వంటపాత్రలు, మందుల పెట్టె ఉన్నవారికి గుర్రం పనికిరాదు, ఎడ్లబండే గతి. బండి గంటకు రెండు మూడు మైళ్ళు నడుస్తుంది. వానకాలంలో నల్లరేగడిలో అదీ నడవదు. కనుక వరికోతలు అయిన తరువాత, చలికాలంలోనే దౌరా. రాత్రి బండి తోలి, తెల్లవారేసరికి ఒక ఊరి తోపులో దిగి, పగలంతా చుట్టుపట్ల పల్లెలు కాలినడకన తిరిగి, మళ్ళీ రాత్రికి బండి కట్టడం.

ఇంత కష్టానికి ఇల్లాలిని ఎందుకు తీసికొని వెళ్ళాలి? వంట కోసమని అనుకొంటే పొరపాటు. వంటకు మనుషులు దొరుకుతారు. అసలు కారణం వేరు. పల్లెలో మగవాడు వచ్చి చావడి దగ్గర నిలబడితే వినడానికి మగవాళ్ళు వస్తారు. ఆడవాళ్ళు గోడ చాటున, తడికె వెనుక నిలబడతారు. వాళ్ళ ఇంట్లో జబ్బు మనిషి ఉన్నదా, ఆ బాలింతరాలికి పాలు పడుతున్నాయా, ఆ పిల్లకు ఎనిమిదో ఏటనే పెళ్ళి ఎందుకు చేస్తున్నారు అని పరాయి మగవాడు అడగరాదు, అడిగినా ఎవరూ చెప్పరు. బాప్తిస్మానికి సిద్ధపడే కుటుంబంలో ఇంటాయన పది ఆజ్ఞలు వల్లించినంత మాత్రాన సరిపోదు. ఇంటావిడ కూడ నేర్చుకోవాలి. ఆమెకు ఎవరు నేర్పాలి? పొలం నుండి తిరిగి వచ్చి, దంచి, వండి, పిల్లలకు పెట్టిన తరువాత, దీపం పెట్టిన వేళకు గాని ఆమెకు తీరిక లేదు. ఆ వేళకు ఆ ఇంటి వాకిట్లో కూర్చోగలిగినది మరొక స్త్రీ మాత్రమే.

అందువల్ల దౌరాలో పని రెండు పాళ్ళుగా పంచబడింది. పగటి పాలు అయ్యగారిది. రాత్రి పాలు అమ్మగారిది. కళ్ళ కలకకు చుక్కలు, చలిజ్వరానికి క్వినైను, పిల్లల పొట్టలకు ఆముదం అనే చిన్న వైద్యం కూడ చాల చోట్ల అమ్మగారి చేతిమీదనే జరిగేది. జీతం పుస్తకంలో మాత్రం ఒక్క పేరే ఉండేది. బైబిలు స్త్రీ అని నియమించబడిన వారికి, వారిలో విధవరాండ్రు చాలమంది, కొద్దో గొప్పో జీతం ఉండేది. సువార్తికుని భార్య అదే పని చేస్తే అది ఆమె కాపురంలో భాగంగా లెక్క! ఈ లెక్క ఎవరు వేశారో గాని, సంఘాలన్నీ కిమ్మనకుండ ఒప్పుకొన్నాయి.

మెదక్‌లో ఒక విశేషం ఉన్నది.  మన దగ్గర ఈ రెండవ పాలు పనిని పోస్నెట్ దొరగారి సహోదరి ఎమిలీ పోస్నెట్‌గారు, ఆమె స్నేహితురాలు సారా హారిస్‌గారు ఎత్తుకొన్నారు. ఇంటికి పెద్ద దిక్కుగా ఉంటూనే పల్లెలు తిరిగారు. దొరగారికి కూడ దౌరాలో స్త్రీల తోడు లేక పని సాగలేదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. సువార్తికుల శిక్షణకు పెండ్లయినవారు మెదక్ వచ్చినప్పుడు వారి భార్యలను కూడ రప్పించి చదువు చెప్పింది అందుకే. అక్షరం రాని ఇల్లాలు బండి ఎక్కితే తోడవుతుంది. అక్షరం వచ్చిన ఇల్లాలు ఎక్కితే ఆ బండిలో ఇద్దరు పనివారు ఉన్నట్లు.

ఇది మన మెదక్‌తో మొదలైన ఆచారం కాదు. తెలుగు దేశపు సంఘ చరిత్రలో అందరికీ తెలిసిన ఒక ఉదయాన్ని తీసికొనండి. 1853 చివరలో నెల్లూరు నుండి లైమన్ జువెట్‌గారు ఉత్తర దిక్కుకు దౌరా బయలుదేరారు. బాప్టిస్టు మిషనువారు ఈ తెలుగు పనిని విడిచిపెట్టాలా వద్దా అని అమెరికాలో తర్జనభర్జనలు పడుతున్న రోజులవి. 1854 జనవరి 1న తెల్లవారక ముందే వారు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఆ కొండకు ప్రార్థన కొండ అని పేరు వచ్చింది. చిత్రపటాలలో జువెట్ దొరగారే కనిపిస్తారు. కాని కొండ ఎక్కినవారు ఐదుగురు. జువెట్‌గారు, ఆయన భార్య యుఫేమియాగారు, క్రిస్టియన్ నరసు, జూలియమ్మ, రూతమ్మ. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. ఒక దొరగారి దౌరా అని మనం చెప్పుకొనేది నిజానికి స్త్రీలే ఎక్కువగా ఉన్న దౌరా.

అదే ఒంగోలు ప్రాంతంలో మరొక జంట సంగతి నాకు ఇంకా ఇష్టం. తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ళ వ్యాపారి. తోళ్ళు కొనడానికి, అమ్మడానికి ఏలూరు దాక తిరిగేవారు. వ్యాపారం మీద వెళ్ళినచోటనే ఆయన క్రీస్తు మాట విన్నారు. ఆ ప్రయాణాలలో ఆయన ఒంటరి. ఇంటికి వచ్చి విన్నది భార్య నాగమ్మగారికి చెప్పారు. ఆ తరువాత ఒంగోలు బాట పట్టినప్పుడు మాత్రం ఒంటరిగా వెళ్ళలేదు. 1866లో నాగమ్మగారు కూడ వెళ్ళి, ఇద్దరూ కలిసి బాప్తిస్మం పొందారు. మరుసటి ఏడు జనవరిలో క్లౌగ్ దొరగారు తాళ్ళకొండపాడు వచ్చి చూసేసరికి ఇరవై ఎనిమిది మంది సిద్ధంగా ఉన్నారు. ఒక్క మగవాడు ఊరూరా తిరిగి తెచ్చిన కబురు, ఇంటిల్లిపాదీ కూర్చుని వినే కబురుగా మారాలంటే, ఆ ఇంటి ఆడమనిషి దానికి పూచీ పడాలి.

తోళ్ళ పని చేసికొంటూ ఊళ్ళు మారిన మరొక దంపతులు బైబిలులోనే ఉన్నారు గదా. అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టేవారు. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞతో రోమా విడిచి కొరింథు, అక్కడనుండి ఎఫెసు, పౌలుతో కూడ. క్రొత్త నిబంధనలో వారి పేర్లు ఆరుచోట్ల వస్తాయి. నాలుగుచోట్ల భార్య పేరే ముందు. కేఫా కూడ తన భార్యను వెంట తీసికొని తిరిగేవాడని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, తొమ్మిదవ అధ్యాయంలో సూచన ఉన్నది. ఆమె పేరు మాత్రం ఎవరూ వ్రాయలేదు. రెండు వేల ఏళ్ళ క్రితపు రిజిస్టరులో కూడ అదే తీరు.

ఇప్పుడు మళ్ళీ మన ఇలాకాకు వస్తాను. మీర్జాపల్లిలో ఆగే రైలు మార్గం మీదనే, కామారెడ్డి దాటిన తరువాత డిచ్‌పల్లి ఉన్నది. 1907లో వెస్లియన్ మిషను తరఫున జార్జి కెర్‌గారు హైదరాబాదు రాజ్యానికి వచ్చారు. తరువాత నిజామాబాదు పని ఆయనకు వచ్చింది. నియామకం ఆయనది. వెంట వచ్చిన భార్య ఇసబెల్ కెర్‌గారు స్కాట్లండులో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో 1903లో వైద్యపట్టా పొందిన డాక్టరు. పల్లెపనిలో భర్త కంటికి బోధకునిగా కనిపించిన జనం ఆమె కంటికి రోగులుగా కనిపించారు. ముఖ్యంగా కుష్ఠురోగులు. ఊరి బయట నెట్టివేయబడినవారికి ఆ ప్రాంతంలో వైద్యమనేది లేదు. 1911లో నిజామాబాదులో చిన్నగా పని మొదలైంది. రోగులు పెరిగారు, స్థలం చాలలేదు. హిందువైన రాజా నర్సాగౌడ్‌గారు ఉదారంగా ధనమిచ్చి ఆదుకొన్నారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలిసింది. కలకత్తాలో ఎర్నెస్టు మ్యూర్ అనే డాక్టరుగారు చేస్తున్న క్రొత్త పద్ధతిని తీసికొని, హిడ్నోకార్పస్ నూనె సూదిమందుగా ఇవ్వడం ఇక్కడ జరిగింది. నయమై ఇంటికి తిరిగి వెళ్ళే కుష్ఠురోగిని జనం అప్పుడు చూశారు. 1923లో ప్రభుత్వం భార్యాభర్తలు ఇద్దరికీ కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. ఇద్దరికీ ఇవ్వడం గమనించదగినది, అటువంటిది అరుదు. 1930ల మొదట్లో ఆమె కన్నుమూశారు. ఆమె మొదలుపెట్టిన పనిని తరువాత భర్త నడిపించారు. ఎవరి వెంట ఎవరు వచ్చినట్లు? చివరికి వచ్చేసరికి ఆయనే ఆమె పనికి తోడు నడిచారు.

మనకు తూర్పున దోర్నకల్‌లో అజరయ్య అధ్యక్షులవారి ఇల్లు ఇంకొక ఉదాహరణ. ఆయన, ఆయన సతీమణి అన్బు మరియమ్మాళ్‌గారు తిరునెల్వేలి తమిళులు. 1898లో పెండ్లి అయింది. చదువుకొన్న స్త్రీ. ఆ రోజుల్లో దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల గడప త్రొక్కినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారు. 1909లో భర్త దోర్నకల్ పనికి ఒప్పుకొంటే, రాని భాష, అడవి ప్రదేశం, పులుల భయం ఉన్నచోటికి ఆమె పిల్లలతో వచ్చారు. 1912 డిసెంబరులో ఆయన కలకత్తాలో అధ్యక్షులుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆ పదవితో దౌరా ఇంకా పెరిగింది. ఎడ్లబండి మీద ఊరూరా తిరిగే ఆ ప్రయాణాలలో ఆమె అనేకసార్లు వెంట ఉండేవారు. ఆయన సంఘపెద్దలతో కూర్చుంటే ఆమె స్త్రీలతో కూర్చునేవారు. తల్లుల సంఘం ఆమె చేతిమీద పెరిగింది. దోర్నకల్‌లో కూడ గురువిద్యకు వచ్చినవారు భార్యాబిడ్డలతో వచ్చేవారు, భార్యలకూ తరగతులు ఉండేవి. వారు రేపు ఏ పల్లెకు వెళ్ళినా బండిలో ఇద్దరూ వెళ్తారని అజరయ్యగారికి తెలుసు.

సముద్రం దాటి వెళ్ళిన తెలుగు ఇల్లాలు కూడ ఉన్నది. దక్షిణాఫ్రికాలో నేటాల్ చెరకు తోటలకు, తేయాకు తోటలకు 1860 నుండి మనవాళ్ళు గిర్మిటు కూలీలుగా వెళ్ళారు. వాళ్ళ మధ్య పనిచేయడానికి 1903లో నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారిని తెలుగు బాప్టిస్టు సంఘాలే పంపించాయి. దొరలు పంపిన దొర కాదు, మనవాళ్ళు పంపిన మనవాడు. ఆయన వెంట భార్య కనకమ్మగారు, పిల్లలు ఓడ ఎక్కారు. అదే ఏడు డిసెంబరులో కియర్స్‌నీ తేయాకు తోటలో సంఘం స్థాపితమైంది. తోట తోటకు తిరగడం అక్కడి దౌరా. కూలీ లైన్లలో ఉన్న తెలుగు స్త్రీకి తన భాష మాట్లాడే మరొక స్త్రీ గడపలోకి రావడం ఎంత పెద్ద సంగతో, ఇక్కడ ఊళ్ళో ఉన్నవారికి ఊహకు అందదు. రంగయ్యగారు 1915లో ఆ దేశంలోనే కాలధర్మం చెందారు.

ఇంతవరకు చెప్పినది చదివి, వెంట వెళ్ళడమంతా మేలే అని ఎవరైనా అనుకోవచ్చు. అలా కాదు. మన సంఘానికి మూలపురుషుడైన జాన్ వెస్లీగారి సంసారమే దానికి సాక్ష్యం. 1751 ఫిబ్రవరిలో ఆయన మేరీ వాజెయిల్ అనే వితంతువును పెండ్లాడారు. పెండ్లయినంత మాత్రాన ఒక్క ప్రసంగమూ, ఒక్క దినపు ప్రయాణమూ తగ్గించేది లేదని ఆయన పంతం. ఆమె మొదట్లో వెంట వెళ్ళింది. వాన, బురద, గుర్రపు స్వారీ, పరుల ఇండ్లలో పడక, ఒక్కొక్క ఊళ్ళో రాళ్ళు రువ్వే అల్లరి మూక. కొన్నేళ్ళకు మానుకొన్నది. అనుమానాలు, తగవులు పెరిగి, ఆమె ఇల్లు విడిచివెళ్ళడం, తిరిగిరావడం, 1771లో మళ్ళీ వెళ్ళిపోవడం జరిగాయి. 1781లో చనిపోయినప్పుడు ఆయన దగ్గర లేరు. చరిత్రకారులు చాలమంది తప్పంతా ఆమె మీదనే వేశారు. నాకు అలా తోచదు. వెంట వచ్చినవారి కోసం అప్పుడప్పుడు బండి ఆపాలి. ఆయన ఆపలేదు.

లివింగ్‌స్టన్‌గారి భార్య మేరీగారి కథ ఇంకా బరువైనది. 1850లో ఆఫ్రికా ఎడారి దాటి ముగ్గురు పసిపిల్లలతో, తాను గర్భవతిగా ఉండి, భర్తతో బండి ప్రయాణం చేశారు. తిరిగి వచ్చిన తరువాత పుట్టిన ఆడపిల్ల ఆరు వారాలకే పోయింది. మరుసటి ఏడు మళ్ళీ ప్రయాణం, మళ్ళీ గర్భం. దారిలో నది ఒడ్డున కాన్పు. ఆమె కన్నతల్లి అల్లునికి కోపంతో ఉత్తరం వ్రాసింది. 1852లో ఆయన ఆమెను, పిల్లలను బ్రిటనుకు పంపివేశారు. అక్కడ ఇల్లు లేక, డబ్బు చాలక, ఆమె పడిన అవస్థ అంతా ఇంతా కాదు. 1862లో తిరిగి భర్తను చేరుకొన్నారు. మూడు నెలలకే ఏప్రిల్ 27న జాంబెజీ తీరాన షుపంగాలో జ్వరంతో కన్నుమూశారు. వెంట వెళ్ళినా కష్టమే, ఉండిపోయినా కష్టమే అయిన బ్రతుకు అది.

మన దేశపు సువార్తికుల ఇండ్లలోనూ ఈ చిక్కు లేకపోలేదు. చంటిపిల్లను చంకన వేసికొని దౌరాకు వెళ్ళవచ్చు; బడి ఈడు పిల్లను ఏమి చేయాలి? అందుకే మెదక్ వంటి చోట్ల బోర్డింగు బడులు మన సంఘ జీవితంలో అంత పెద్ద చోటు ఆక్రమించాయి. అక్కడ పెరిగిన మా తరానికి ముందువారు సెలవులకు ఇంటికి వెళ్ళడమంటే, అమ్మానాన్నలు ఏ ఊళ్ళో ఉన్నారో తెలిసికొని అక్కడికి వెళ్ళడం. తల్లి వాకిట వాకిట పరుల పిల్లలకు అక్షరాలు దిద్దిస్తుండగా, ఆమె పిల్లలకు హాస్టలు వార్డెను దిద్దించింది.

1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మెదక్ ఒక అధ్యక్ష మండలమైన తరువాత దౌరా రూపు మారింది. ఎడ్లబండి పోయి జీపు వచ్చింది, ఆ తరువాత ఆర్టీసీ బస్సు, మోటారు సైకిలు. రాత్రి బస అవసరం తగ్గింది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు గనుక అయ్యగారు ఒక్కరే వెళ్ళడం అలవాటయింది. ఇది సౌకర్యమే. అయితే సాయంత్రానికి తిరిగి వచ్చేవారికి దీపాలు పెట్టిన తరువాతి వేళ దొరకదని చెప్పాను గదా. ఆ వాకిటి పని మాత్రం వెనుకబడింది. దాని స్థానే స్త్రీల మైత్రి కూటములు బలపడ్డాయి. వాటిలో గురువుగారి భార్య ముందు నిలిచి నడిపించడం, అధ్యక్షులవారి సతీమణి మండలం మొత్తానికి పెద్దగా ఉండడం మన ఆనవాయితీ. జీతం ఇప్పటికీ లేదు. ఆమె ఉద్యోగం చేసికొనే మనిషి అయితే, బడిలో పాఠాలు చెప్పి వచ్చి, సాయంత్రం కూటం నడపాలి.

ఇంకొక మార్పు కూడ వచ్చింది. మన సంఘంలో స్త్రీలు గురువులుగా అభిషేకం పొందుతున్నారు. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఎగ్గోని పుష్పలలితగారు బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవి పొందిన మొదటి స్త్రీ మన తెలుగు ఆడపడుచు. ఇప్పుడు పల్లె సంఘాలకు ఆరాధన జరిగించడానికి స్త్రీ గురువు వెళ్ళేటప్పుడు, మోటారు సైకిలు నడిపి తీసికొని వెళ్ళే భర్తలు ఉన్నారు. ఆరాధన అయ్యేదాక చెట్టు క్రింద కూర్చుని ఊరి మగవాళ్ళతో వానలు, పంటల ముచ్చట్లు చెప్పుకొంటారు. గురువును అయ్యగారు అని, ఆయన భార్యను అమ్మగారు అని పిలవడం మన ఊళ్ళకు అలవాటు. గురువే అమ్మగారు అయినప్పుడు, బండి మీద తీసికొని వచ్చిన ఆయనను ఏమని పిలవాలో మా శంకరంపేట వైపు ఇంకా ఎవరికీ మాట దొరకలేదు. ప్రస్తుతానికి ‘అమ్మగారి సారు’ అంటున్నారు.